8 రోజుల్లో సెరెంగెటి, ఎన్‌గోరోంగోరో, మసాయి మారా: ఈ రూటు కుదురుతుందా?

దారిపటం (ప్రశ్న; కింద ఒక్కో భాగం పైన ఉన్నది దాన్ని రాసినవారి మారుపేరు)

నలుగురం పెద్దవాళ్లం, ఒకరికి 67 ఏళ్లు, నడుము నొప్పి ఉంది. చేతిలో ఉన్నవి 8 రోజులు. ఆగస్టు అనుకుంటున్నాం, కుదరకపోతే ఫిబ్రవరి. కాగితం మీద వేసుకున్న ప్లాన్ ఇది:

1వ రోజు కిలిమంజారో ఎయిర్‌పోర్ట్‌లో దిగి అరుషాలో బస. 2న లేక్ మన్యారా. 3న టరంగిరె. 4న ఎన్‌గోరోంగోరో క్రేటర్ (పాత అగ్నిపర్వత బిలం). 5, 6 సెరెంగెటి. 7న రోడ్డు మీద మసాయి మారా. 8న నైరోబి నుంచి తిరుగు ప్రయాణం.

నది దాటే వైల్డ్‌బీస్ట్ మందల్ని చూడాలన్నది ముఖ్యమైన కోరిక. ఖడ్గమృగం, చిరుతపులి కనిపిస్తే ఇంకా మంచిది. ఈ ప్లాన్‌లో తప్పులేమిటి? పార్కు ఫీజులు విడిగా ఎంత అవుతాయి? ఏజెంట్లు ఇచ్చే కొటేషన్లలో ఏం చూసుకోవాలి?

నాబీహిల్

ముందు 7వ రోజు తీసేయండి. మ్యాపులో టాంజానియాలోని సెరెంగెటి, కెన్యాలోని మారా ఆనుకుని ఉంటాయి గానీ రెండింటి మధ్య పర్యాటకులు దాటే గేటు లేదు. రోడ్డు మీద వెళ్లాలంటే పడమర వైపు చుట్టు తిరిగి సిరారి–ఇసెబానియా సరిహద్దు దగ్గర దాటాలి. టాంజానియా సఫారీ బండి అక్కడే ఆగిపోతుంది, అవతల కెన్యా బండి ఎక్కాలి. ఉదయం బయల్దేరితే మారా చేరేసరికి చీకటి పడుతుంది. విమానంలో అయినా తిన్నగా ఉండదు: ఉత్తర సెరెంగెటిలోని కొగటెండె నుంచి టరిమె, అక్కడ రోడ్డు మీద సరిహద్దు దాటి మిగోరి, మళ్లీ విమానం. పైగా మారాలో జూలై నుంచి డిసెంబరు దాకా విదేశీయులకు ప్రవేశ రుసుము రోజుకు 200 డాలర్లు, ఆ టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే చెల్లుతుంది. ఒక్క పూట కోసం ఇంత ఖర్చూ ఇంత తిప్పటా దండగ.

మీకు కావలసిన నది కూడా టాంజానియాలోనే దొరుకుతుంది. మారా నది ఉత్తర సెరెంగెటిలో కొగటెండె మీదుగా పారుతుంది. జూలై నుంచి అక్టోబరు వరకు మందలు ఆ నదిని అటూ ఇటూ దాటుతూనే ఉంటాయి. కాబట్టి దేశం మారకుండా ఆ రాత్రుల్ని కొగటెండెలో పెట్టండి.

రెండో సంగతి, టాంజానియా పార్కులకు పర్మిట్ ఒకసారి లోపలికి వెళ్లడానికి, సరిగ్గా 24 గంటలు చెల్లుతుంది. గేటులో ముద్ర పడిన నిమిషం నుంచి లెక్క మొదలు. సెరెంగెటి నాబీ హిల్ గేటులో మధ్యాహ్నం 2:30కి లోపలికి వెళ్తే, బయటికి వచ్చే రోజున కూడా 2:30 లోపే గేటు దాటాలి. దాటకపోతే ఇంకో రోజు రుసుము. రూటు వేసేటప్పుడు ఏ రోజు ఏ పార్కు అని కాకుండా ఏ గంటకు ఏ గేటు అని రాసుకోండి. డబ్బు అక్కడే మిగులుతుంది, లేదా అక్కడే పోతుంది.

ఎన్‌గోరోంగోరోకీ ఇదే లెక్క. అది నేషనల్ పార్కు కాదు, కన్సర్వేషన్ ఏరియా. వేరే సంస్థ చూస్తుంది, రుసుమూ వేరే. అరుషా వైపు నుంచి సెరెంగెటికి వెళ్లే రోడ్డు దాని మధ్య నుంచే పోతుంది కాబట్టి, ఊరికే దాటినా డబ్బు కట్టాల్సిందే. వెళ్లేటప్పుడు ఒకసారి, రోడ్డు మీదే తిరిగొస్తే మరోసారి. వెళ్లే దారిలోనే క్రేటర్ ముగించి, తిరిగి రావడం విమానంలో పెట్టుకుంటే ఒక్కసారితో సరిపోతుంది. మీ ఇంట్లో నడుము నొప్పి ఉన్నవారికీ అదే మేలు.

నా సూచన ఇది:

1వ రోజు: అరుషా, విశ్రాంతి.

2వ రోజు: ఉదయం 7కి బయల్దేరితే టరంగిరె గేటుకు రెండు, రెండున్నర గంటలు. సాయంత్రం 4 వరకు లోపల, తర్వాత కరాటు అనే ఊరు వెళ్లి పడుకోండి. మన్యారా వదిలేయండి. ఆగస్టులో చుట్టుపక్కల నీళ్లన్నీ ఎండిపోయి ఏనుగులు టరంగిరె నది దగ్గరికే చేరతాయి. ఆ నెలలో ఈ రెండింటి మధ్య ఆలోచించాల్సిన పని కూడా లేదు.

3వ రోజు: ఉదయం 6కి ఎన్‌గోరోంగోరో లొడొఆరె గేటు తెరిచే వేళకు అక్కడుండాలి. సెనెటో దారిన క్రేటర్‌లోకి దిగి, 11:30 కల్లా లెరాయ్ దారిన పైకి వచ్చి, తిన్నగా సెరెంగెటి వైపు. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో నాబీ హిల్, పొద్దుగుంకేలోపు సెరెంగెటి మధ్యనున్న సెరొనెరా.

4వ రోజు: పూర్తిగా సెరొనెరా. చిరుతపులికి అదే చోటు. నది వెంబడి ఉండే సాసేజ్ చెట్లు, అకేసియాల అడ్డకొమ్మల మీద వెతకాలి. చిరుత కంటే ముందు వేలాడే తోక కంటపడుతుంది.

5వ రోజు: దారిపొడవునా చూసుకుంటూ కొగటెండెకు. 5, 6, 7 రాత్రులు అక్కడే.

8వ రోజు: కొగటెండె నుంచి ఉదయం చిన్న విమానంలో అరుషాకు. ఆ రాత్రికి అంతర్జాతీయ విమానం.

ఖడ్గమృగానికి ఉన్నంతలో మంచి అవకాశం క్రేటర్‌లోనే. అయితే చాలాసార్లు దూరంగా చుక్కలా కనిపిస్తుంది, బైనాక్యులర్ లేకపోతే చూసినట్టే ఉండదు. జిరాఫీలు మాత్రం క్రేటర్ అడుగున ఉండవు, వాటిని టరంగిరెలోనే తనివితీరా చూసేయండి.

గేటులెక్క

పై రూటుకు ఫీజులు వేసి చూపిస్తాను. ఇవి విదేశీ పెద్దవాళ్లకు, 18 శాతం వ్యాట్ కలిపి. టారిఫ్ సాధారణంగా జూలై 1న మారుతుంది కాబట్టి బుక్ చేసే ముందు అధికారిక పట్టికతో సరిచూసుకోండి.

టరంగిరె 59 డాలర్లు. ఎన్‌గోరోంగోరో 70.80. క్రేటర్‌లోకి దిగినందుకు బండికి 295, నలుగురికి పంచితే తలా 73.75. సెరెంగెటి 24 గంటలకు 82.60. 3వ రోజు మధ్యాహ్నం నుంచి 8వ రోజు ఉదయం దాకా ఐదు పర్మిట్లు, అంటే 413. మొత్తం మనిషికి 617 డాలర్ల దగ్గర. బండి ప్రవేశం, డ్రైవర్ రుసుము చిన్నవి, వాటిని కలపలేదు.

దీనిమీద పార్కు లోపల పడుకున్న ప్రతి రాత్రికీ కన్సెషన్ ఫీజు అని ఇంకోటి ఉంటుంది. లాడ్జి రేటులో కలిసి ఉందా, విడిగా వేస్తారా అన్నది కొటేషన్‌లో తప్పకుండా రాయించుకోండి. ఒక కొటేషన్ మరీ చవగ్గా కనిపించిందంటే తరచుగా కారణం ఇదే. కరాటు కన్సర్వేషన్ ఏరియాకు బయట ఉన్న ఊరు కాబట్టి అక్కడ పడుకుంటే ఈ ఫీజు లేదు. క్రేటర్ అంచు మీది లాడ్జి నుంచి పొద్దున్నే తొందరగా దిగొచ్చు, దృశ్యమూ గొప్పగా ఉంటుంది. కానీ అంచు ఎత్తు దాదాపు 2,300 మీటర్లు, ఆగస్టు ఉదయాల్లో మంచుతెర కమ్మి ముందున్న బండి కూడా కనిపించదు. ఒక్క రాత్రికి కరాటు చాలు.

విమానంలో తిరిగొస్తే ఖాళీ బండిని అరుషా చేర్చే ఖర్చు మీ మీదే పడుతుంది. కొగటెండె నుంచి అరుషాకు బండి ఒక్క రోజులో హాయిగా చేరేది కాదు. టికెట్ ధర, ఖాళీ బండి ఖర్చు ఒక పక్క. రోడ్డు మీద వస్తే పడే రెండో ఎన్‌గోరోంగోరో రుసుము, మధ్యలో ఒక రాత్రి బస మరో పక్క. పోల్చి చూస్తే విమానం అనుకున్నంత ఎక్కువేం కాదు.

మార్చి 15 నుంచి మే 15 వరకు రుసుములు తగ్గుతాయి, సెరెంగెటి 70కి బదులు 60, వ్యాట్ అదనం. అది పెద్ద వానల కాలం. పార్కులో చాలాచోట్ల నల్లరేగడి నేల, తడిస్తే ఫోర్ వీల్ డ్రైవ్ కూడా ఇరుసు దాకా దిగబడుతుంది. ఏప్రిల్‌లో కొన్ని క్యాంపులు మూసేస్తారు.

పొట్టిగడ్డి

ఫిబ్రవరి అయితే పై రూటు పనికిరాదు. ఆ నెలలో మందలు ఉత్తరాన ఉండవు. దక్షిణాన ఎన్‌డుటు చుట్టుపక్కల పొట్టి గడ్డి మైదానాల్లో ఈనుతుంటాయి. పాత అగ్నిపర్వతాల బూడిద పేరుకున్న నేల అది. గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ, పాలిచ్చే తల్లులకు అదే కావాలి. గడ్డి పొట్టిగా ఉంటుంది కాబట్టి పొంచి ఉన్న సింహం దూరం నుంచే కనబడుతుంది. వేలాది దూడలు కొద్ది వారాల్లోనే పుడతాయి గనుక వేటాడే జంతువులు ఎన్ని తిన్నా మిగిలేవే ఎక్కువ. పుట్టిన దూడ నిమిషాల్లో లేచి నిలబడి తల్లి వెంట పరిగెడుతుంది. చీతాను చూడాలంటే ఇంతకు మించిన కాలం లేదు.

ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకునే చోటు ఒకటుంది. ఎన్‌డుటు చాలావరకు సెరెంగెటి పార్కులోది కాదు, ఎన్‌గోరోంగోరో కన్సర్వేషన్ ఏరియాలోది. అక్కడ పడుకుని రోజూ సెరెంగెటిలోకి తిరుగుతామంటే రెండు రుసుములూ పడతాయి. మందలు ఎన్‌డుటు వైపే ఉన్నప్పుడు మూడు రాత్రులూ అక్కడే తిరగండి, సెరెంగెటికి వేరే రాత్రులు పెట్టుకోండి. ఇంకో లాభం: ఎన్‌డుటులో బండి దారి దిగి గడ్డిలోకి వెళ్లొచ్చు. సెరెంగెటి పార్కులో అది నిషేధం, క్రేటర్‌లోనూ అంతే. హద్దు దగ్గర కంచె ఏమీ ఉండదు. డ్రైవర్‌ను «ఇంకొంచెం దగ్గరికి పోనీ» అని ఒత్తిడి చేస్తే జరిమానా కట్టేది, లైసెన్సు మీద మచ్చ పడేది అతనికి. దయచేసి ఆ పని చేయకండి.

చిరుతగుర్తు

నది దాటడం గురించి కొంచెం విడమరచి చెప్పాలి, చాలామంది నాటకం వేళకు మొదలైనట్టు మొదలవుతుందనుకుంటారు. మంద గట్టు మీదికి వస్తుంది. ముందున్నవి నీళ్లు వాసన చూస్తాయి, వెనకవి తోస్తూనే ఉంటాయి, దుమ్ము లేస్తుంది. ఇంతలో ఒక జీబ్రా బెదిరి వెనక్కి తిరిగితే మొత్తం మంద వెనక్కి మళ్లుతుంది. రెండు గంటల తర్వాత అదే మంద మరో చోట దిగొచ్చు, ఆ రోజుకు అసలు దిగకపోవచ్చు. అందుకే కొగటెండెలో మూడు రాత్రులకు తగ్గితే నేను వద్దంటాను. రెండు పూటలు చూసి వచ్చేద్దాం అనుకున్నవాళ్లే ఎక్కువగా నిరాశపడతారు.

బండ్లు గట్టుకు దూరంగా ఆగాలి, ముందున్న జంతువులు నీళ్లలోకి దిగి వరస కట్టాకే ముందుకు కదలాలి. తొందరపడి దారికి అడ్డంగా వచ్చిన ఒక్క బండి చాలు, మంద మొత్తం ఆగిపోవడానికి. మీ గైడ్ వెనకే ఆపాడంటే అతను పని తెలిసినవాడని అర్థం. ఇంజిన్ ఆపించండి, లేచి నిలబడి అరవకండి. ఆ రోజుల్లో మధ్యాహ్నం భోజనానికి క్యాంపుకు రావాలనుకోకుండా లంచ్ బాక్సు వెంట తీసుకెళ్లండి. మందలు తరచూ మిట్టమధ్యాహ్నమే దిగుతాయి.

మారాను తీసేయమన్న మాటతో ఈ 8 రోజులకు ఏకీభవిస్తాను. అయితే మారాను పూర్తిగా కొట్టిపారేయడం సరికాదు. రిజర్వు పక్కనే మారా నార్త్, నబొయిషో, ఒలారె మొటొరొగి లాంటి కన్సర్వెన్సీలు ఉన్నాయి. మసాయి కుటుంబాలు తమ భూముల్ని అద్దెకు ఇచ్చి నడిపిస్తున్నవి. అక్కడ ఒక జంతువు దగ్గర ఎన్ని బండ్లు ఉండాలో పరిమితి ఉంటుంది. రాత్రి డ్రైవ్, గైడ్‌తో నడక కూడా కుదురుతాయి. అయిదారు రోజులే ఉండి నైరోబిలో దిగేవాళ్లకు, విల్సన్ ఎయిర్‌పోర్ట్ నుంచి తిన్నగా కన్సర్వెన్సీకి ఎగిరి అక్కడే ఉండటం టాంజానియా రూటు కంటే మంచిది.

దారిపటం

అందరికీ ధన్యవాదాలు. మారా, మన్యారా తీసేశాను. ఇప్పుడు చేతిలో రెండు కొటేషన్లు ఉన్నాయి. ఒకదానిలో «సెరెంగెటి లాడ్జి, 3 రాత్రులు» అని మాత్రమే ఉంది, పేరు లేదు. రెండోదానిలో ఆరుగురితో కలిసి వెళ్లే బండి. చిన్న విమానంలో సామాను గురించి కూడా చెప్పగలరా?

గేటులెక్క

పేరు లేని లాడ్జికి ఒప్పుకోకండి. పడమరన ఇకోమా గేటు బయట కూడా లాడ్జీలు ఉన్నాయి, వాటినీ సెరెంగెటి లాడ్జి అనే అమ్ముతారు. ధర తక్కువే. కానీ పర్మిట్ ఒకసారి లోపలికి వెళ్లడానికే కాబట్టి సాయంత్రం బయటికి వస్తే దాని పని అయిపోయినట్టే. ప్రతి ఉదయం గేటు తెరిచేదాకా ఆగి, కాగితాలయ్యాక లోపలికి. వేటాడే జంతువులు తిరిగే మొదటి గంట అక్కడే పోతుంది.

రాతపూర్వకంగా అడగాల్సినవి: ప్రతి రాత్రికి క్యాంపు పేరు, అది ఏ గేటుకు లోపల ఉంది, ఫీజుల విడి లెక్క, బండి మీకు మాత్రమేనా, రోజుకు ఇన్ని గంటలు, ఇన్ని కిలోమీటర్లు అనే పరిమితి ఉందా, బండి చెడిపోతే ఎన్ని గంటల్లో వేరేది వస్తుంది. టాంజానియాలో టూర్ నడపడానికి టాలా అనే ప్రభుత్వ పర్యాటక లైసెన్సు ఉండాలి, ఆ నంబరు అడగండి. ఇవ్వడానికి నీళ్లు నమిలేవాళ్లతో మాట ఆపేయండి.

బీన్‌బ్యాగ్

ఆరుగురి బండి నడుముకు మంచిది కాదు. పొడిగించిన ల్యాండ్ క్రూజర్‌లో వెనక వరస వెనక ఇరుసు మీద ఉంటుంది, ప్రతి గుంతా తిన్నగా వెన్నుకు తగులుతుంది. నలుగురే ఉంటే వెనక వరస ఖాళీగా వదిలేయొచ్చు, నొప్పి ఉన్నవారు డ్రైవర్ పక్కన గానీ అతని వెనక మొదటి వరసలో గానీ కూర్చోవాలి. లొడొఆరె గేటు దాకా తారురోడ్డు. ఆ తర్వాత సెరొనెరా దాకా పట్టీలు పట్టీలుగా లేచిన కంకరరోడ్డు, ఎముకలు కదిలిపోతాయి. నడుము బెల్టు ఉంటే ఆ రోజు ఉదయమే పెట్టుకోమనండి.

విమానాల్లో చాలావరకు మనిషికి 15 కిలోలు, చేతిసంచి, కెమెరా అన్నీ కలిపి. చక్రాలున్న గట్టి సూట్‌కేసు తీసుకోరు, సామాను అరలో అది వంగదు. గుడ్డ డఫెల్ బ్యాగే కావాలి. మీరు చివరి రోజే ఎగురుతున్నారు కాబట్టి పెద్ద పెట్టెల్ని అరుషా హోటల్లో వదిలేసి రావచ్చు.

బట్టలు ఖాకీ, బూడిద, లేత ఆకుపచ్చ రంగుల్లో. నీలం, నలుపు వద్దు: టరంగిరెలో, ఉత్తరపు చెట్ల ప్రాంతాల్లో సెట్సీ ఈగలు ఉంటాయి, ఆ రెండు రంగులకే ఎగబడతాయి. వాటిని పట్టే ఉచ్చులు కూడా నీలం, నలుపు గుడ్డలతోనే కడతారు. దోమల మందు వాటి మీద పెద్దగా పనిచేయదు, గుడ్డ పల్చనైతే దాని మీదుగానే కుడతాయి. తెల్లవారుజామున పైకప్పు తెరిచిన బండిలో గాలి కోస్తుంది, ఉన్ని టోపీ, జాకెట్ ఉండాలి.

కెమెరాకు 100–400 మి.మీ. జూమ్ లెన్స్ ఒకటి, వెడల్పు దృశ్యాలకు ఫోన్ చాలు. బండిలో ట్రైపాడ్‌కు చోటుండదు. ఖాళీ బీన్‌బ్యాగ్ సంచి తీసుకెళ్లి అరుషాలో బియ్యమో చిక్కుడు గింజలో నింపించుకుని కప్పు అంచు మీద పెట్టుకోండి. దుమ్ములో లెన్స్ మార్చకండి. డ్రోన్ ఇంట్లోనే ఉంచండి, పార్కుల్లో ప్రత్యేక అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు టాంజానియాలో 2019 జూన్ నుంచి నిషేధం, ఎయిర్‌పోర్ట్‌లోనే తీసి పడేయమంటారు.

క్రేటర్‌లో ఎన్‌గొయిటొకిటొక్ పిక్నిక్ స్థలం దగ్గర తినేటప్పుడు బండిలోనే కూర్చోండి. అక్కడి గద్దలు చేతిలోని ముక్కను తన్నుకుపోతాయి, గోళ్లు గీసుకుంటే గాయమవుతుంది.

నాబీహిల్

ఆరోగ్యం మాట మిగిలింది. యెల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి వచ్చినా, అలాంటి దేశపు ఎయిర్‌పోర్ట్‌లో 12 గంటలకు మించి ఆగినా టాంజానియా టీకా సర్టిఫికెట్ అడుగుతుంది. కెన్యా ఆ జాబితాలో ఉంది కాబట్టి నైరోబిలో ఎక్కువసేపు ఆగే టికెట్ అయితే చూసుకోండి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. 60 దాటినవాళ్లకు మొదటిసారి ఈ టీకా వేయాలంటే డాక్టర్ ఆలోచించి నిర్ణయించాలి, ఆఖరి వారానికి వాయిదా వేయకండి. మలేరియా మాత్రలూ డాక్టర్‌నే అడగండి. అటొవాక్వోన్–ప్రొగ్వానిల్ అయితే తిరిగొచ్చాక ఏడు రోజులు, డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు వేసుకోవాలి. ఇంటికి రాగానే ఆపేస్తే మలేరియా వచ్చే ప్రమాదం ఉంది.

క్యాంపులకు కంచె ఉండదు. చీకటి పడ్డాక టెంటు నుంచి భోజనాల దగ్గరికి కూడా కాపలా మనిషి వస్తేనే కదలాలి. 67 ఏళ్ల వారికి భోజనాల టెంటుకు దగ్గరి టెంటు కావాలని ముందే రాసి పెట్టండి.

ఆగస్టుకు కొగటెండెలో మంచి క్యాంపులు దాదాపు ఏడాది ముందే నిండుతాయి. ముందుగా ఆ మూడు రాత్రులకు ఖాళీ ఉందో లేదో కనుక్కుని, ఆ తేదీల చుట్టూ మిగతా రూటు వేయమని ఏజెంటుకు చెప్పండి. అంతర్జాతీయ టికెట్లు ఆ తర్వాతే కొనండి.